అడవికి నిప్పు పెడితే శిక్ష ఎంత? కేసులు ఎందుకు నిలబడవు?

సంక్షిప్తంగా

ప్రభుత్వ రక్షణలో ఉన్న అడవికి కావాలని నిప్పు పెట్టడం మన దేశంలో ఒకటికి మించి చట్టాల కింద నేరం. ఏ చట్టం కింద కేసు పెట్టారన్న దాన్ని బట్టి శిక్ష 500 రూపాయల జరిమానాతో ముగియవచ్చు, పదేళ్ల జైలు దాకా వెళ్లవచ్చు. కానీ నిప్పు పెట్టిందెవరో తేలే కేసులు తక్కువ. శిక్షలు పెంచాలన్న డిమాండు ప్రతి వేసవిలో వినిపిస్తుంది. ఇతర దేశాల అనుభవం చూస్తే శిక్ష కాలం కన్నా దర్యాప్తు నాణ్యత, కాలిన నేల మీద ఎవరికీ లాభం దక్కకుండా చూసే నియమాలు ఎక్కువ ఉపయోగపడేలా ఉన్నాయి.

ప్రతి వేసవీ ఇదే ప్రశ్న

ఫిబ్రవరి వచ్చేసరికి నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో, తూర్పు కనుమల్లో చెట్లు ఆకు రాలుస్తాయి. నేలంతా ఎండుటాకు, ఎండుగడ్డి పరుచుకుంటాయి. తొలకరి పడే దాకా అక్కడ ఒక్క నిప్పురవ్వ చాలు. 2014 మార్చిలో తిరుమల పక్కన శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లను రప్పించాల్సి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో కర్ణాటకలోని బందిపూర్ పులుల అభయారణ్యంలో వేల ఎకరాలు కాలాయి. పిడుగు పడి అడవి అంటుకోవడం మన దగ్గర అరుదు. దాదాపు ప్రతి కార్చిచ్చు వెనకా ఒక మనిషి చెయ్యి ఉంటుంది, తెలిసో తెలియకో.

భారత అటవీ సర్వే సంస్థ లెక్క ప్రకారం 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు దేశవ్యాప్తంగా ఉపగ్రహాలు 2,03,544 అగ్ని హెచ్చరికలు పంపాయి. ఒకే మంట పలుసార్లు నమోదు కావచ్చు కనుక ఇన్ని వేర్వేరు మంటలు లేచాయని అర్థం కాదు. ఆ జాబితాలో సుమారు 18 వేల హెచ్చరికలతో ఆంధ్రప్రదేశ్ నాలుగో స్థానంలో, 13 వేల పైచిలుకుతో తెలంగాణ ఏడో స్థానంలో ఉన్నాయి. ఉత్తరాఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మొదటి మూడు స్థానాల్లో నిలిచాయి. కార్చిచ్చు అనగానే టీవీల్లో హిమాలయాల పైన్ అడవులే కనిపిస్తాయి గానీ, తెలుగు నేల కూడా అంతగానే కాలుతోంది.

ఒకే నిప్పు, వేర్వేరు శిక్షలు

మొదటిది 1927 నాటి భారత అటవీ చట్టం. రిజర్వు అడవికి నిప్పు పెట్టినా, అడవికి ముప్పు తెచ్చేలా మంట రాజేసి వదిలేసినా 26వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అడవికి జరిగిన నష్టానికి పరిహారం కట్టమని కూడా కోర్టు ఆదేశించవచ్చు. రిజర్వు అడవుల కన్నా ఆంక్షలు తక్కువగా ఉండే ‘రక్షిత అడవుల’ విషయంలో 33వ సెక్షన్ ఇదే మాట చెబుతుంది. కొన్ని రాష్ట్రాలు తమ సవరణలతో ఈ మొత్తాలను పెంచుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో దీని స్థానంలో 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అమల్లో ఉంది. విభజన తర్వాత తెలంగాణ కూడా దాన్నే తన చట్టంగా స్వీకరించింది. ఇందులో నిప్పుకు సంబంధించిన నిషేధం 20వ సెక్షన్లో ఉంటుంది.

రెండోది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. మంట లేచింది అభయారణ్యంలోనో జాతీయ పార్కులోనో అయితే 30వ సెక్షన్ వర్తిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు. జరిమానా పరిమితి ఒకప్పుడు 25 వేలు. 2022 సవరణ దాన్ని లక్ష రూపాయలు చేసింది, 2023 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. ఈ చట్టంలో వేట అనే మాటకు వన్యప్రాణిని చంపడం అనే అర్థం కూడా ఉంది. కాబట్టి నిప్పు పెట్టి జంతువులను చంపారని రుజువైతే మరింత కఠినమైన వేట సెక్షన్లను కూడా జోడించాలని ప్రాసిక్యూషన్ వాదించే వీలుంది.

మూడోది సాధారణ నేర చట్టం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ ప్రకారం, ఆస్తికి నష్టం కలిగించాలని గానీ, కలుగుతుందని తెలిసి గానీ నిప్పు పెడితే ఏడేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలో ఇది 435వ సెక్షన్. నిర్లక్ష్యంగా నిప్పు వాడితే 287వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా రెండు వేల వరకు జరిమానా.

ఇక నాలుగోది 1984 నాటి ప్రజా ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం. ప్రజా ఆస్తిని నిప్పుతో ధ్వంసం చేస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్ల జైలు.

అంటే ఒకే చోట, ఒకే రోజు, ఒకే అగ్గిపుల్లతో జరిగిన పనికి శిక్ష 500 రూపాయలూ కావచ్చు, పదేళ్లూ కావచ్చు. ఈ తేడాలో చాలా భాగం నేర తీవ్రత వల్ల రాదు. కేసు రాసింది పోలీసా, అటవీ అధికారా, కేసు ఏ సెక్షన్ కింద మొదలైంది అన్నదే చాలాసార్లు నిర్ణయిస్తుంది. వన్యప్రాణి చట్టంలో మరో మెలిక ఉంది. 55వ సెక్షన్ ప్రకారం చట్టం అధికారమిచ్చిన వారు స్వయంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు కేసు స్వీకరిస్తుంది. మామూలు పౌరుడు ఫిర్యాదు చేయాలంటే ముందుగా నోటీసు ఇచ్చి గడువు దాటేదాకా ఆగాలి.

తక్కువ శిక్ష వల్ల వచ్చే మరో ఇబ్బంది బయటికి పెద్దగా కనిపించదు. ఏడాది లోపు శిక్ష పడే నేరాలను కోర్టు ఏడాదిలోగా విచారణకు స్వీకరించాలని క్రిమినల్ ప్రొసీజర్ గడువు పెట్టింది. ఆరు నెలల శిక్ష ఉన్న అటవీ చట్టం కేసు ఈ కోవలోకే వస్తుంది. వేసవిలో మంట లేచి, వానాకాలంలో విచారణ నత్తనడక నడిచి, మళ్లీ వేసవి వచ్చేలోగా అభియోగం సిద్ధం కాకపోతే కేసు అక్కడితో సరి. మూడేళ్ల శిక్ష ఉన్న వన్యప్రాణి చట్టం కేసుకు గడువు మూడేళ్లు ఉంటుంది.

పాత చట్టం ఎవరిని చూసి రాశారు

1927 చట్టం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1878 అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం దానికి ముందున్నవి. ఓడలకు, రైలు పట్టాలకు కావాల్సిన కలప కాపాడుకోవడం వాటి ముఖ్య ఉద్దేశం. పోడు చేసుకునేవాళ్లు, పశువులు మేపేవాళ్లు ఆ చట్టాల దృష్టిలో ముప్పు. మన్యంలో 1922-24 నాటి అల్లూరి పోరాటానికి, పల్నాడులో కన్నెగంటి హనుమంతు నడిపిన పుల్లరి (మేత పన్ను) సత్యాగ్రహానికి ఈ ఆంక్షలే నేపథ్యం. 1921లో నేటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో జనం నిరసనగా పైన్ అడవులకు నిప్పు పెట్టారు. తమది కాకుండా పోయిన అడవిని కాల్చడం అక్కడ రాజకీయ చర్య అయింది.

ఆ కాలపు చూపు చట్టంలో ఇంకా మిగిలే ఉంది. 26వ సెక్షన్ మూడో ఉపవిభాగం ఉదాహరణ. రిజర్వు అడవిలో కావాలని గానీ, ఘోర నిర్లక్ష్యంతో గానీ నిప్పు పుడితే ఆ ప్రాంతంలో మేత హక్కులు, అటవీ ఉత్పత్తుల హక్కులు అన్నింటినీ ప్రభుత్వం తనకు తోచినంత కాలం నిలిపివేయవచ్చు. నిప్పు పెట్టింది ఒకరైనా నష్టపోయేది ఊరంతా. 79వ సెక్షన్ మరో అడుగు వేస్తుంది. అడవిలో హక్కులున్న ప్రతి ఒక్కరూ మంట గురించి కబురు చెప్పాలి, ఆర్పడానికి చెయ్యి వేయాలి. లేకపోతే నెల వరకు జైలు లేదా 200 జరిమానా. అభయారణ్యంలో నివసించేవారికి వన్యప్రాణి చట్టం 27వ సెక్షన్ కూడా మంట ఆర్పే బాధ్యత పెట్టింది.

2019 మార్చిలో కేంద్రం అటవీ చట్ట సవరణ ముసాయిదా తెచ్చింది. అధికారులకు విస్తృత అధికారాలు, బరువైన శిక్షలు అందులో ఉన్నాయి. ఆదివాసీ సంఘాలు, రాష్ట్రాల నుంచి వ్యతిరేకత రావడంతో అదే ఏడాది నవంబరులో ముసాయిదాను ఉపసంహరించుకుంది. నిప్పు నేరానికి ఆధునిక నిర్వచనం రాయాల్సిన పని అలాగే మిగిలిపోయింది.

నిప్పు ఎవరు, ఎందుకు పెడతారు

ఇప్పపువ్వు రాలే కాలంలో చెట్టు కింద ఎండుటాకు అడ్డం వస్తే పువ్వు ఏరడం కష్టం. ఆకు కాలిస్తే నేల శుభ్రమవుతుంది. తునికి చెట్టును కాస్త కాలనిస్తే కొత్త చిగురు బాగా వస్తుందని, ఆ ఆకు బీడీలకు పనికొస్తుందని నమ్మకం. పశువుల కాపరులకు పచ్చగడ్డి త్వరగా మొలవాలి. వేటగాళ్లు జంతువులను పొదల్లోంచి బయటికి తోలడానికి మంట పెడతారు. కొత్తగా నేల ఆక్రమించాలనుకునేవాళ్లు ముందు చెట్టు కాల్చి, తర్వాత కొమ్మలు నరికి, ఆ మీదట దున్నుతారు. కలప దొంగలు జాడ చెరిపేయడానికి, అధికారుల మీద కక్ష ఉన్నవాళ్లు పగ తీర్చుకోవడానికి నిప్పు పెట్టిన సందర్భాలూ ఉంటాయి.

చట్టం దృష్టిలో వీళ్లంతా ఒక్కటే. 26వ సెక్షన్ ‘నిప్పు పెట్టిన’ అంటుంది తప్ప ఉద్దేశం గురించి అడగదు. కావాలని, ఘోర నిర్లక్ష్యంతో అనే తేడా మేత హక్కుల ఉపవిభాగంలో మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల నాలుగు ఇప్పచెట్ల కింద ఆకు కాల్చిన మనిషికీ, నూరెకరాలు కాజేయడానికి కొండ మొత్తం తగలబెట్టిన మనిషికీ ఒకటే సెక్షన్. భారతీయ న్యాయ సంహిత ఉద్దేశాన్ని, తెలిసి ఉండటాన్ని చూస్తుంది గానీ, దాన్ని రుజువు చేయడం మరీ కష్టం. ఈ చట్టాల్లో సరిదిద్దాల్సిన మొదటి లోపం ఇదే. శిక్ష పెంచాలన్నా ముందు ఎవరికి పెంచాలో తేల్చుకోవాలి.

350 కేసులు, 62 పేర్లు

2024 మే నెలలో ఉత్తరాఖండ్ కార్చిచ్చుల మీద సుప్రీంకోర్టు విచారణ జరిపింది. అంతకుముందు నవంబరు నుంచి 398 మంటలు లేచాయని, అన్నీ మనుషుల వల్లేనని రాష్ట్రం కోర్టుకు చెప్పింది. 350 క్రిమినల్ కేసులు నమోదయ్యాయి. వాటిలో పేర్లు తేలినవాళ్లు 62 మంది. మిగతా కేసుల్లో నిందితుడు గుర్తు తెలియని వ్యక్తి.

ఈ రెండు అంకెల మధ్య దూరమే అసలు సమస్య. సోషల్ మీడియాలో లైకుల కోసం అడవికి నిప్పు పెట్టి వీడియో పోస్ట్ చేశారంటూ అదే సీజనులో చమోలీ జిల్లాలో ముగ్గురిని అరెస్టు చేశారు. అలా సాక్ష్యం తనంతట తాను వచ్చి పడటం నూటికో కోటికో జరిగే పని. మామూలుగా నిప్పు తన సాక్ష్యాన్ని తానే కాల్చేసుకుంటుంది.

ఉపగ్రహం ఇక్కడ పరిమితంగానే సాయపడుతుంది. అటవీ సర్వే సంస్థ ప్రధానంగా ఆధారపడే వీఐఐఆర్‌ఎస్ అనే, మంటల వేడిని పసిగట్టే ఉపగ్రహ పరికరం ఒక్కో గడికి 375 మీటర్ల నేల చూస్తుంది. దాన్ని మోసే ఉపగ్రహం ఒక ప్రాంతం మీదుగా మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో పోతుంది. ఉదయం ఎనిమిదింటికి పెట్టిన మంట మధ్యాహ్నానికి కనిపిస్తుంది. కబురు బీట్ ఆఫీసర్ (ఆ అడవి భాగాన్ని చూసుకునే అటవీ ఉద్యోగి) ఫోనుకు చేరి, ఆయన కాలినడకన అక్కడికి చేరేసరికి నిప్పు పెట్టినవాడు ఇంటికి వెళ్లి అన్నం తిని ఉంటాడు. ఆ హెచ్చరిక మంట ఆర్పడానికి పనికొస్తుంది, నేరం రుజువు చేయడానికి పనికిరాదు.

మంట ఎక్కడ మొదలైందో నేలను చదివి చెప్పే విద్య ఒకటి ఉంది. చెట్టు మొదలుకు ఏ వైపు ఎంత ఎత్తున మసి పట్టింది, గడ్డికాడ ఏ దిక్కుకు వాలింది, రాయి ఏ పక్క నల్లబడింది అన్న గుర్తులు చూసుకుంటూ వెనక్కి నడిచి, దర్యాప్తు అధికారులు మంట పుట్టిన చోటికి చేరుకుంటారు. అమెరికాలో దీనికి ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక సిబ్బంది ఉన్నారు. 2006లో కాలిఫోర్నియాలో ఎస్పరాంజా కార్చిచ్చు ఐదుగురు అగ్నిమాపక సిబ్బందిని బలి తీసుకుంది. నిందితుణ్ని పట్టించింది అంతకు ముందటి చిన్న మంటల దగ్గర దొరికిన సిగరెట్ పీకల మీది డీఎన్‌ఏ. చిన్న మంటలను కూడా నేరస్థలాలుగా చూసి ఆధారాలు దాచిపెట్టబట్టే పెద్ద కేసు నిలబడింది. 2009లో కోర్టు అతనికి మరణశిక్ష వేసింది.

మన దగ్గర మంట ఆరిందంటే సంఘటన ముగిసినట్టే. ఎన్ని హెక్టార్లు కాలాయో రిజిస్టరులో రాస్తారు. మొదలైన చోటును తాడు కట్టి కాపాడటం, ఫొటోలు తీయడం, నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబుకు పంపడం రోజువారీ అలవాటు కాలేదు. బీట్ ఆఫీసరుకు రక్షణ, నాటే పని, వన్యప్రాణుల గణన అన్నీ తానే. కాలిన బూడిదలో గంటల తరబడి గుర్తులు వెతకమని ఆ ఒక్క మనిషిని అడగడం న్యాయం కాదు.

కఠిన శిక్షల అనుభవం

శిక్ష ఎక్కువైతే భయం పెరుగుతుందన్నది సహజమైన ఆలోచన. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 2018లో కావాలని పెట్టే కార్చిచ్చుకు గరిష్ఠ శిక్షను 14 నుంచి 21 ఏళ్లకు పెంచింది. గరిష్ఠ పరిమితి పెంచితే న్యాయమూర్తికి చేతిలో వెసులుబాటు ఉంటుంది. కనీస శిక్ష పెడితే కథ మారుతుంది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో డ్వైట్ హామండ్, ఆయన కొడుకు స్టీవెన్ పశువుల పెంపకందారులు. 2001లో వాళ్లు పెట్టిన మంట 139 ఎకరాల ప్రభుత్వ భూమిని కాల్చింది. 2006లో కొడుకు పెట్టిన మరో మంటకు ఒక ఎకరం కాలింది. కలుపు మొక్కలను కాల్చామని వాళ్లు, జింకల వేట జాడ చెరపడానికని ప్రాసిక్యూషన్. 2012లో జ్యూరీ దోషులన్నది. వర్తించిన ఫెడరల్ సెక్షన్ ప్రకారం కనీసం ఐదేళ్ల శిక్ష వేయాలి. 1996లో ఉగ్రవాద వ్యతిరేక చట్టంలో భాగంగా ఆ కనీసం వచ్చింది. ఈ నేరానికి ఐదేళ్లు మనస్సాక్షికి మింగుడుపడదంటూ న్యాయమూర్తి తండ్రికి మూడు నెలలు, కొడుక్కి సుమారు ఏడాది వేశారు. పై కోర్టు ఒప్పుకోలేదు. శిక్ష అనుభవించి బయటికొచ్చిన ఇద్దరికీ 2015లో మళ్లీ ఐదేళ్లు పడింది. దాని మీద రేగిన నిరసన 2016 జనవరిలో మాలూర్ వన్యప్రాణి శరణాలయాన్ని సాయుధులు ఆక్రమించే దాకా వెళ్లింది, ఒక మనిషి ప్రాణం పోయింది. చివరికి 2018లో అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. అడవిని కాపాడాల్సిన శిక్ష, అడవిని కాపాడే సంస్థ మీదికే జనాన్ని ఉసిగొల్పింది.

అదే రాష్ట్రంలో మరో తీర్పు వేరే దారి పట్టింది. 2017 సెప్టెంబరులో పదిహేనేళ్ల కుర్రాడు లోయలోకి టపాకాయ విసిరాడు. ఈగిల్ క్రీక్ మంట కొలంబియా నది కనుమలో దాదాపు 48 వేల ఎకరాలను చుట్టేసింది. 2018లో కోర్టు ఐదేళ్ల ప్రొబేషన్ (జైలుకు బదులు షరతులతో పర్యవేక్షణ), అటవీ శాఖ దగ్గర 1,920 గంటల సేవ, 3 కోట్ల 66 లక్షల డాలర్ల పరిహారం విధించింది. అంత సొమ్ము ఒక పిల్లవాడు కట్టలేడని కోర్టుకూ తెలుసు. షరతులు సక్రమంగా పాటిస్తే పదేళ్ల తర్వాత చెల్లింపు ఆపే వెసులుబాటు ఇచ్చింది. నష్టం ఎంతో లెక్కగట్టి బహిరంగంగా ప్రకటించడం, తప్పు చేసినవాడిని అడవి పనిలోనే పెట్టడం ఈ తీర్పులో ముఖ్యమైనవి. మన 26వ సెక్షన్లోనూ పరిహారం అనే మాట ఉంది. కాలిన అడవి విలువను శాస్త్రీయంగా లెక్కగట్టి కోర్టు ముందు పెట్టకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

కాలిన నేల మీద లాభం లేకుండా

మధ్యధరా దేశాలు మరో వైపు నుంచి ఆలోచించాయి. అక్కడ తీరప్రాంత అడవి కాలితే ఆ స్థలంలో హోటళ్లు, ఇళ్లు లేచే ప్రమాదం ఉండేది. ఆ ఆశను తుంచేయడానికి గ్రీస్ 1975 రాజ్యాంగంలోనే నియమం రాసుకుంది. 117వ అధికరణం ప్రకారం కాలిన అడవి అడవిగానే ఉంటుంది, దాన్ని తిరిగి పెంచాల్సిందే, మరో అవసరానికి ఇవ్వకూడదు. ఇటలీ 2000లో చేసిన 353వ నంబరు చట్టం కాలిన అడవి, మేత భూముల వినియోగాన్ని 15 ఏళ్ల పాటు మార్చకూడదంది. పదేళ్ల పాటు అక్కడ కట్టడాలు, మేత, వేట నిషేధం. కాలిన స్థలాల పటాన్ని మున్సిపాలిటీలు ఏటా నవీకరించాలి. స్పెయిన్ 2006లో తన అడవుల చట్టాన్ని సవరించి 30 ఏళ్ల నిషేధం తెచ్చింది. తర్వాత 2015లో కొన్ని మినహాయింపులు చేర్చడంతో అక్కడ విమర్శలు వచ్చాయి.

ఈ నియమాలకు ఒక పెద్ద సౌలభ్యం ఉంది: నిప్పు ఎవరు పెట్టారో తేల్చాల్సిన పని లేదు. శిక్ష మనిషికి కాక నేలకు అంటుకుని ఉంటుంది, అదీ ముందే తెలిసిన కాలపరిమితితో. పైకి చూస్తే మన మేత హక్కుల నిలిపివేత లాంటిదే అనిపిస్తుంది. మన దగ్గర అది అధికారి తలుచుకుంటే వచ్చి పడే శిక్ష, ఎంతకాలమో తెలియదు. అక్కడ అది అందరికీ ఒకేలా వర్తించే నియమం. అయితే ఇటలీ పద్ధతిలో మేత నిషేధాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే మేకల మీద బతికే కుటుంబం పొరుగువాడి నిప్పుకు పదేళ్లు నష్టపోతుంది. తెచ్చుకోవాల్సింది ఆక్రమణ లాభాన్ని తుంచే భాగం.

శిక్షలు పెంచితే తెలుగు రాష్ట్రాల్లో ఏం జరగవచ్చు

చట్టం ప్రకారం చూస్తే, అడవి కాల్చి ఆ నేల దక్కించుకునే తలుపు మన దగ్గరా మూసే ఉంది. 1980 అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా అడవిని మరో అవసరానికి మార్చలేరు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కు ముందున్న సాగుకే హక్కు ఇస్తుంది. కాబట్టి నిన్న కాల్చిన నేలకు పట్టా రాదు. ఎప్పుడో ఒకప్పుడు క్రమబద్ధీకరిస్తారన్న ఆశ మాత్రం ఎన్నికల కాలంలో మళ్లీ మళ్లీ పుడుతుంది. ఆ ఆశే పోడు పేరు చెప్పి పెద్దవాళ్లు సాగించే ఆక్రమణకు ఇంధనం. నిజంగా హక్కున్న ఆదివాసీ రైతు మీద కూడా అనుమానం పడేది దాని వల్లే.

ఇలాంటి చోట కనీస శిక్షలు పెంచితే రెండు ఫలితాలు ఊహించవచ్చు. కోర్టులు మరింత గట్టి సాక్ష్యం అడుగుతాయి, అది లేక కేసులు కొట్టివేతకు వస్తాయి. రెండోది ఇంకా ప్రమాదం. అడవిలో మంటను ముందుగా చూసేది చెంచు, కోయ, గోండు గూడేల వాళ్లే. ఫైర్ వాచర్లుగా పనిచేసేదీ, కొమ్మలతో కొట్టి మంట ఆర్పేదీ వాళ్లే. కబురు చెప్పినవాడే మొదటి నిందితుడవుతాడన్న భయం పుడితే వాళ్లు నోరు విప్పరు. హెలికాప్టర్లు ఎన్ని తెచ్చినా ఆ లోటు తీరదు.

జీవనోపాధి కోసం పెట్టే నిప్పుకు జైలు కన్నా చవకైన మందులున్నాయి. ఇప్పచెట్టు కింద వల పరిచి పువ్వు పట్టే పద్ధతి మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో కొన్నిచోట్ల అమలైంది. ఆకు కాల్చే అవసరమే ఉండదు, మట్టి అంటని పువ్వుకు మంచి ధర కూడా వస్తుంది. అటవీ శాఖ ఏటా ఫైర్ లైన్లు (మంట పాకకుండా ముందే కాల్చి ఖాళీగా ఉంచే పట్టీలు) కాల్చే రోజులను గూడెంతో కలిసి నిర్ణయిస్తే ఆ పని కూలీ వాళ్లకే దక్కుతుంది.

ఆక్రమణ కోసం పెట్టే నిప్పు సంగతి వేరు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో కాలిన అడవులను గుర్తిస్తోంది. అటవీ హక్కుల దరఖాస్తుల పరిశీలనలో ఉపగ్రహ చిత్రాలను సాక్ష్యంగా తీసుకోవచ్చని 2007 నిబంధనలు ఇప్పటికే చెబుతున్నాయి. ఏ బీట్‌లో ఏ కంపార్టుమెంటు (అటవీ శాఖ విభజించుకున్న అడవి ముక్క) ఏ ఏడాది కాలిందో తేదీతో సహా గ్రామసభ ముందు, హక్కుల కమిటీ ముందు పెడితే, ఆ నేల మీద తర్వాత ఎవరు దరఖాస్తు చేసినా అది 2005కు ముందున్న సాగు కాదని ఆ పటమే చెబుతుంది. 2005కు ముందు నుంచీ దున్నుకుంటున్న కుటుంబానికి అదే పటం రక్షణగా నిలుస్తుంది.